పెంపుడు కుక్కకు డీఎన్ఏ పరీక్ష: జాతుల పట్టిక కన్నా మందుల పేజీకే విలువ ఎక్కువ

లాలాజలం నమూనా పంపిస్తే కుక్క పూర్వీకుల జాతులు, శరీర లక్షణాలు, వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల అవకాశం, దగ్గరి బంధువుల వివరాలు అన్నీ కలిపి ఒకే నివేదికగా ఇచ్చే డీఎన్ఏ పరీక్షలను ఇప్పుడు చాలా సంస్థలు చేస్తున్నాయి. అలాంటి ఒక సంస్థ దగ్గర మా చుక్కికి పూర్తిస్థాయి పరీక్ష చేయించి, వచ్చిన నివేదికను మా పశువైద్యురాలితో కలిసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన తరవాత ఈ సమీక్ష రాస్తున్నాను. చుక్కిని జంతు సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకున్నాం కాబట్టి దాని తల్లిదండ్రుల సంగతి ఎవరికీ తెలియదు. నలుపు మీద తెలుపు మచ్చలు, సగం నిలిచి సగం వాలిన చెవులు, పొట్టి బొచ్చు, మధ్యరకం ఎత్తు ఉన్న ఆ కుక్కను చూసినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో జాతి పేరు చెబుతారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలామంది ఈ పరీక్షను జాతుల శాతాలు తెలుసుకోవడానికే కొంటారు, కానీ నివేదికలో అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడేది ఆ భాగమే. ప్రచారంలో పెద్దగా కనిపించని మందుల సున్నితత్వం భాగం, అంటే కుక్కకు ఏ మందులు పడవో చెప్పే భాగం కోసమే అయినా ఈ పరీక్ష చేయించవచ్చు. జబ్బుల భాగం వెనక ఉన్న శాస్త్రం గట్టిదే, అయితే దాన్ని రాసిన తీరు కుక్క యజమానిని అనవసరమైన భయంలోకీ, ఒక్కోసారి తొందరపాటు నిర్ణయంలోకీ నెట్టేలా ఉంది.

కిట్ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెట్టెలో పొడవాటి పిడి ఉన్న ఒక బ్రష్షు, అడుగున కొద్దిగా ద్రవం ఉన్న ఒక చిన్న గొట్టం, బార్‌కోడ్ అంటించిన కవరు, సూచనల కాగితం ఉన్నాయి. కింది దవడకూ చెంపకూ మధ్య సందులో బ్రష్షు ఆనించి అర నిమిషం పాటు గుండ్రంగా తిప్పాలి. కావలసింది లాలాజలం ఒక్కటే కాదు, దానితోపాటు చెంప లోపలి పొర నుంచి ఊడివచ్చే కణాలు కూడా, ఎందుకంటే డీఎన్ఏ ఎక్కువగా దొరికేది వాటిలోనే. అందుకే నాలుక మీద నాలుగుసార్లు రాసి తీసిన నమూనా తరచుగా సరిపోదు. తిండి పెట్టిన వెంటనే నమూనా తీయకూడదనీ, ఇంట్లో మరో కుక్క ఉంటే ఒకే గిన్నెలో నీళ్లు తాగనివ్వకుండా కొంతసేపు వేరుగా ఉంచాలనీ, కుక్కపిల్లలకైతే తల్లిపాలు తాగిన వెంటనే నమూనా తీయవద్దనీ సూచనల కాగితం స్పష్టంగా చెబుతుంది. రెండు కుక్కల కణాలు కలిసిన నమూనా నుంచి నమ్మదగిన ఫలితం రాదు కాబట్టి ఈ జాగ్రత్తలు నిజంగా అవసరమైనవే. గొట్టం మీది బార్‌కోడును ముందుగా ఖాతాలో నమోదు చేసి ఆ తరవాతే పంపాలన్న సూచనను మాత్రం కాగితం వెనకవైపు కాక ముందువైపు, పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి.

ప్రయోగశాలలో ఏం జరుగుతుందన్నది ప్రచార పత్రం చదివితే సరిగా అర్థం కాదు. కుక్క మొత్తం జన్యుక్రమాన్ని వాళ్లు చదవరు. కుక్కకు 39 జతల క్రోమోజోములు, సుమారు 240 కోట్ల బేస్ జతలు (డీఎన్ఏ గొలుసులోని అతి చిన్న భాగాలు) ఉంటాయి. ఇంత పొడవైన క్రమంలో కుక్కకూ కుక్కకూ మధ్య తేడా వచ్చే చోట్లు ఏవో ముందే తెలుసు కాబట్టి, వాటిలోంచి ఎంపిక చేసిన కొన్నింటిని మాత్రమే ఒక చిప్ సాయంతో పరిశీలిస్తారు. ఈ సంస్థ రెండు లక్షలకు పైగా చోట్లను చూస్తున్నట్లు చెబుతోంది. ఆ చోట్లు తెలియడానికి పునాది వేసింది 2005 డిసెంబరులో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన. టాషా అనే ఆడ బాక్సర్ కుక్క జన్యుక్రమాన్ని కెర్‌స్టిన్ లిండ్‌బ్లాడ్‌టో నాయకత్వంలోని బృందం అందులో ప్రచురించింది. ఇంట్లో కూర్చుని బ్రష్షు తిప్పి పంపడం ఈరోజు ఇంత తేలికైందంటే అందుకు కారణం ఆ బాక్సరూ, తరవాతి కాలంలో తమ కుక్కల రక్తం, లాలాజలం పరిశోధకులకు ఇచ్చిన వేలాది యజమానులూ. ఈ సంగతిని నివేదికలో రెండు వాక్యాల్లోనైనా రాసి ఉంటే చదివేవారికి ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిసేది.

ఇక జాతుల పట్టిక. చుక్కిలో దాదాపు మూడో వంతు కోలీ (గొర్రెల మందను కాసే జాతి), దానికన్నా కొంచెం తక్కువ లాబ్రడార్ ఉన్నాయని నివేదిక చెప్పింది. ఆ తరవాత చిన్న చిన్న వాటాలతో మరికొన్ని జాతుల పేర్లూ, ఏ జాతికీ చేర్చలేని కొంత భాగమూ చూపించింది. ఈ శాతాలు ఎలా వస్తాయో తెలిస్తే వాటికి ఎంత విలువ ఇవ్వాలో కూడా తెలుస్తుంది. క్రోమోజోములను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను తమ దగ్గరున్న శుద్ధజాతి కుక్కల నమూనాలతో పోల్చి, దేనితో ఎక్కువగా సరిపోలితే ఆ జాతి ఖాతాలో వేస్తారు. అంటే సంస్థ దగ్గర ఏ జాతి నమూనాలు ఎన్ని ఉన్నాయన్న దాని మీదే జవాబు ఆధారపడుతుంది. ఒకే కుక్క నమూనాను రెండు సంస్థలకు పంపితే పెద్ద వాటాల్లో సాధారణంగా పోలిక కనిపిస్తుంది, చిన్న వాటాల్లో మాత్రం పేర్లు మారిపోవడం మామూలే. అందువల్ల పట్టిక అడుగున కనిపించే చిన్న చిన్న శాతాలను పట్టుకుని కుక్క పూర్వచరిత్ర అల్లుకోవడం తగదు.

ఈ పద్ధతిలోని అసలు బలహీనత ఊరకుక్కల విషయంలో బయటపడుతుంది. ఇప్పుడు మనం పేర్లతో గుర్తించే జాతుల్లో ఎక్కువ భాగం గడిచిన రెండు శతాబ్దాల్లో మనుషులు ఎంపిక చేసి, కట్టుదిట్టంగా పెంచగా ఏర్పడినవి. ప్రపంచంలోని కుక్కల్లో అధిక భాగం మాత్రం ఏ జాతి పుస్తకంలోనూ లేనివి. ఎవరూ జత కలపకుండా తమంతట తామే పెరిగి వచ్చినవి. నాలుగు జాతులు కలిసి ఊరకుక్క పుట్టిందనుకోవడం చరిత్రను తలకిందులు చేయడమే అవుతుంది, ఎందుకంటే జాతులే అలాంటి స్వేచ్ఛా కుక్కల సమూహాల నుంచి విడిపోయి వచ్చాయి. కుక్కల వైవిధ్యం మీద 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 161 జాతులకు చెందిన 4,676 కుక్కలతోపాటు 38 దేశాల నుంచి 549 ఊరకుక్కలను కూడా పరిశీలించింది. అలాంటి నమూనాలు తన దగ్గర లేని సంస్థ, ఊరకుక్క డీఎన్ఏ ముక్కను పోల్చడానికి మరో దారి లేక, ఉన్నవాటిలో కాస్త దగ్గరగా కనిపించిన ఏదో ఒక జాతికి అంటగట్టేస్తుంది. నేను వాడిన సేవ ఈ విషయంలో నిజాయితీగానే ఉంది. ఊరకుక్కల వంశాలను వేరే వర్గంగా చూపిస్తుంది, తెలియని భాగాన్ని తెలియదనే రాస్తుంది. పరీక్ష కొనేముందు ఏ సంస్థనైనా అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: మీ దగ్గర ఊరకుక్కల నమూనాలు ఉన్నాయా?

రెండో ప్రశ్న ఫొటో గురించి. నమోదు చేసేటప్పుడు కొన్ని సంస్థలు కుక్క ఫొటో అడుగుతాయి. శుద్ధజాతివిగా నమోదైన 12 కుక్కల నమూనాలను ఆరు సంస్థలకు పంపి, కొన్నింటికి కావాలనే వేరే కుక్కల ఫొటోలు జతచేసి చేసిన అధ్యయనం ఒకటి 2024లో వెలువడింది. అందులో ఒక సంస్థ ఫలితం డీఎన్ఏకన్నా ఫొటోనే ఎక్కువగా అనుసరించినట్లు తేలింది. డీఎన్ఏ చూసి చెప్పవలసిన జవాబుకు ముఖం చూపించవలసిన అవసరం లేదు. ఫొటో అడిగితే, ఫలితం వచ్చేదాకా ఇవ్వకపోవడమే మంచిది. నేను ఇవ్వలేదు, ఇవ్వకపోయినా పరీక్ష ఆగలేదు.

చుక్కిలో కోలీ ఛాయలేవీ కనిపించవు. పొడవాటి బొచ్చు లేదు, సన్నని కోల ముఖం లేదు. అంతమాత్రాన ఫలితం తప్పని అనుకోనక్కరలేదు. కుక్క రూపాన్ని నిర్ణయించే జన్యువులు ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. ఎత్తు, బరువుల్లో తేడాకు ఐజీఎఫ్1 అనే ఒక్క జన్యువు పెద్ద కారణమని 2007లో తేలింది. బొచ్చు పొడవు, వంకీలు, మీసాలూ కనుబొమ్మల దగ్గర గుబురూ వంటి తేడాల్లో ఎక్కువ భాగాన్ని ఎఫ్‌జీఎఫ్5, కేఆర్‌టీ71, ఆర్‌స్పో2 అనే మూడు జన్యువులు వివరిస్తాయని 2009లో వెల్లడైంది. పొడవాటి బొచ్చు అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు ప్రతులూ వస్తేనే బయటికి కనిపిస్తుంది. చుక్కికి వచ్చింది ఒకే ప్రతి. కాబట్టి అది పొట్టి బొచ్చుతోనే ఉంటూ, పొడవాటి బొచ్చు జన్యువును మోస్తోంది. నివేదికలో ఈ శరీర లక్షణాల భాగం నాకు బాగా నచ్చింది. రంగు, మచ్చలు, బొచ్చు, అంచనా బరువు అన్నీ ఎదురుగా ఉన్న కుక్కతో సరిపోలాయి, పైగా ఒక్కో లక్షణం కింద ఏ జన్యువు, ఎన్ని ప్రతులు అన్నది కూడా రాసి ఉంది. కళ్ల ముందున్న కుక్కతో పోల్చి చూసుకోగలిగిన భాగం ఇదొక్కటే కాబట్టి, మన నమూనాను మరో కుక్క నమూనాతో తారుమారు చేయలేదని నిర్ధారించుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

స్వభావం గురించి రాసిన భాగాన్ని మాత్రం పూర్తిగా తీసెయ్యాలని గట్టిగా చెబుతున్నాను. కోలీ వాటా ఉంది కాబట్టి చుక్కి మందను కాసే గుణం కలదనీ, లాబ్రడార్ వాటా ఉంది కాబట్టి అందరితో కలివిడిగా ఉంటుందనీ ఒక పేజీ నిండా రాశారు. చుక్కి కొత్తవారు వస్తే మంచం కిందికి దూరి, వాళ్లు వెళ్లిన చాలాసేపటికి గానీ బయటికి రాదు. మన కుక్క ఒక్కదాన్ని చూసి శాస్త్రం ఇదని తేల్చకూడదన్న మాట నిజమే. కానీ జాతిని చూసి స్వభావం చెప్పలేమనే ఇక్కడ శాస్త్రం కూడా చెబుతోంది. ఎలినార్ కార్ల్‌సన్ బృందం 2022లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 18,385 కుక్కల యజమానుల జవాబులనూ, రెండు వేలకు పైగా కుక్కల జన్యుక్రమాలనూ కలిపి చూశారు. కుక్కల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతం మాత్రమే. కొన్ని ప్రవర్తనలకు వంశపారంపర్య ఆధారం బాగానే ఉంది, కానీ అది జాతి పేరును బట్టి ఒక్కో కుక్కలో ఇంత అని చెప్పగలిగేది కాదు. సంరక్షణ కేంద్రాల్లో దత్తత కోసం ఎదురుచూసే కుక్కలకు ఇలాంటి పేజీలు నిజంగా హాని చేస్తాయి. ఫలానా జాతి వాటా ఉందని చదివి, ఎన్నడూ ఎవరినీ కరవని కుక్కను వద్దని వెళ్లిపోయే కుటుంబాలు ఉంటాయి. ప్రవర్తన మీద ప్రభావం రుజువైన జన్యువు ఏదైనా ఉంటే దాని గురించి రాయవచ్చు. ఉదాహరణకు లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంటుందనీ, వాటికి తిండి మీద యావ, బరువు పెరిగే అవకాశం ఎక్కువనీ 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపించారు. ఇలాంటి సమాచారం గిన్నెలో ఎంత పెట్టాలో నిర్ణయించుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు మందుల పేజీకి వస్తాను. ఈ సమీక్ష రాయాలని నాకు అనిపించింది ప్రధానంగా దీనివల్లే.

ఏబీసీబీ1 అనే జన్యువు ఉంది. పాత పేరు ఎండీఆర్1. ఇది తయారుచేసే ప్రొటీను మెదడులోని రక్తనాళాల గోడల దగ్గర కాపలాదారులా నిలబడి, లోపలికి రావడానికి చూసే అనేక మందులను తిరిగి రక్తంలోకి నెట్టేస్తుంది. ఈ జన్యువులో నాలుగు బేస్ జతలు లోపిస్తే ఆ ప్రొటీను సరిగా తయారుకాదు, మందు మెదడులోకి చేరి పేరుకుంటుంది. కోలీలకు ఐవర్‌మెక్టిన్ పడదన్న సంగతి పశువైద్యులకు చాలాకాలంగా తెలిసినా, అసలు కారణం ఈ లోపమేనని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన కత్రినా మీలీ బృందం 2001లో కనిపెట్టింది. కోలీల్లో సుమారు 70 శాతం, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో సుమారు సగం కుక్కలు ఈ లోపానికి ఒక ప్రతినైనా మోస్తున్నాయి. చుక్కి కూడా ఒక ప్రతి మోస్తోందని నివేదిక చెప్పింది.

దీని ప్రాముఖ్యం ఎంతంటే, గజ్జికి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మోతాదు గుండె పురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే మోతాదుకు యాభై రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. నెలవారీ మోతాదు కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు. లోపం ఉన్న కుక్కలకు కూడా దానివల్ల ప్రమాదం లేదు. గజ్జికి ఇచ్చేది కిలోకు 300 మైక్రోగ్రాములు, ఆపైన. ఈ పెద్ద మోతాదు రెండు ప్రతులూ లోపించిన కుక్కకు పడితే తూలడం, చొంగ కార్చుకోవడం, చూపు పోవడం, మూర్ఛ, స్పృహ తప్పడం, చివరికి ప్రాణాపాయం దాకా వెళ్లవచ్చు. ఒక్క ప్రతి ఉన్న కుక్క కూడా పూర్తిగా సురక్షితం కాదు. ఐవర్‌మెక్టిన్ ఒక్కటే కాదు: విరేచనాలు ఆగడానికి మనుషులు వాడే లోపెరమైడ్, మత్తు కోసం ఇచ్చే ఏసిప్రోమజైన్, నొప్పికి ఇచ్చే బ్యూటర్ఫనాల్, క్యాన్సర్‌కు ఇచ్చే విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. కుక్కకు విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఉన్న లోపెరమైడ్ మాత్ర వేసేవారు తక్కువేం కాదు. కోలీలా కనిపించే కుక్కను చూసి వైద్యులు జాగ్రత్తపడతారు. చుక్కిలా పొట్టి బొచ్చుతో, ఏ జాతిదో అంతుపట్టకుండా ఉన్న కుక్క విషయంలో ఈ అనుమానం ఎవరికీ రాదు. మా పశువైద్యురాలు ఆ పేజీ చూసి చుక్కి చికిత్స కార్డు మీద ఎర్ర సిరాతో జన్యువు పేరు, దాని కింద వాడకూడని మందులు, మోతాదు తగ్గించవలసిన మందులు రాసిపెట్టారు. కుక్క బతికినంత కాలం పనికొచ్చే సమాచారం అది. ఈ పేజీని సంస్థ కూడా చక్కగా రాసింది: ఏ మందు ఎందుకు ప్రమాదం, ఏది పర్వాలేదు, వైద్యులకు చూపించడానికి విడిగా ఒక కాగితం. దానికి పూర్తి మార్కులు ఇస్తాను.

జబ్బుల భాగం గురించి అదే మాట చెప్పలేను. రెండు వందలకు పైగా జన్యుమార్పులను పరీక్షించి, ప్రతిదానికీ పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒక గుర్తు పెట్టారు. చుక్కికి ఎస్ఓడీ1 జన్యువు దగ్గర రెండు ప్రతులూ మార్పు చెంది ఉన్నాయని ఎర్ర గుర్తు, దాని పక్కన ‘ప్రమాదం’ అన్న మాట, కింద వెనక కాళ్లు క్రమంగా చచ్చుబడే వెన్నుపాము జబ్బు వర్ణన. ఆ పేజీ చదివిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ వర్ణనలో రాయనివి చాలా ఉన్నాయి. 2009లో గుర్తించిన ఈ మార్పు రెండు ప్రతులూ ఉన్న కుక్కల్లో చాలావాటికి జీవితాంతం ఆ జబ్బు రాదు. వచ్చే కుక్కలకు కూడా సాధారణంగా ఎనిమిదేళ్లు దాటాకే మొదలవుతుంది. జాతిని బట్టి ముప్పు మారుతుంది. కలగలుపు కుక్కల్లో ముప్పు ఎంతో చెప్పేంత సమాచారం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, జన్యుపరీక్షతో ఈ జబ్బును నిర్ధారించలేం. ఖాయంగా చెప్పాలంటే చనిపోయిన తరవాత వెన్నుపామును సూక్ష్మదర్శిని కింద పరీక్షించవలసిందే.

ఈ విషయాన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. 2018లో నేచర్ పత్రికలో ముగ్గురు నిపుణులు, వారిలో కార్ల్‌సన్ కూడా ఒకరు, ఒక పగ్ కుక్క ఉదంతం రాశారు. పదమూడేళ్ల ఆ కుక్కకు నడక తడబడి, మలమూత్రాల మీద అదుపు తప్పింది. యజమానులు ఇలాంటి పరీక్షే చేయించగా నరాల జబ్బుకు సంబంధించిన మార్పు ఉందని వచ్చింది. నయం కాని జబ్బేనని నిశ్చయించుకుని వాళ్లు దానికి కారుణ్యమరణం ఇప్పించారు. ఆ లక్షణాలు చికిత్స ఉన్న వేరే వెన్నెముక సమస్య వల్ల కూడా వచ్చి ఉండవచ్చన్నది ఆ వ్యాసం రాసినవారి ఆవేదన. ఎర్ర గుర్తు పక్కన ఒక్క వాక్యం, ‘ఇది రోగనిర్ధారణ కాదు, ఈ ఫలితం మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోకండి, ముందు పశువైద్యులతో మాట్లాడండి’ అని కనిపించేలా రాయడానికి సంస్థకు ఖర్చయ్యేదేమీ లేదు. నేను ఈ సంగతి రాసి పంపితే, అలాంటి హెచ్చరిక నియమ నిబంధనల పేజీలో ఉందని జవాబు వచ్చింది. భయంతో ఉన్న మనిషి నియమ నిబంధనల పేజీ తెరవడు. హెచ్చరిక ఉండవలసింది ఎర్ర గుర్తు పక్కనే.

అన్ని జన్యుమార్పులనూ ఒకే గాటన కట్టడం ఈ భాగంలో ఉన్న మూలలోపం. చూపు క్రమంగా పోయే పీఆర్‌సీడీ రకం రెటీనా జబ్బు సూటిగా అంతర్గత పద్ధతిలో వస్తుంది. ఒక్క ప్రతి ఉన్న కుక్కకు జబ్బు రాదు, పిల్లలకు ఆ ప్రతి అందించగలదు అంతే. డాషండ్‌ల వంటి పొట్టి కాళ్ల జాతుల్లో వెన్నుపూసల మధ్య డిస్కులు దెబ్బతినే ముప్పుకు కారణమైన, ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు ప్రతి విషయం వేరు. 2017లో కనిపెట్టిన ఆ మార్పు ఒక్క ప్రతి ఉన్నా ముప్పు పెంచుతుంది, కానీ కొన్ని జాతుల్లో దాదాపు ప్రతి కుక్కకూ అది ఉంటుంది, వాటిలో చాలావాటికి డిస్కు ఎన్నడూ జారదు. ఈ రెంటికీ ఒకే రకం రంగు గుర్తులు పెట్టి వదిలేస్తే చదివేవారికి ఏం తెలుస్తుంది? పది లక్షలకు పైగా కుక్కల ఫలితాలను కలిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన 250 జన్యుమార్పుల్లో కనీసం ఒకదానికి ఒక ప్రతినైనా మోస్తున్న కుక్కలు 57 శాతం ఉన్నాయి. అంటే నివేదికలో ఏదో ఒక రంగు గుర్తు కనిపించడం సగానికి పైగా కుక్కలకు మామూలు విషయం. ఈ ఒక్క అంకె ఆ భాగం మొదట్లో ఉంటే చాలా ఇళ్లలో ఆందోళన తగ్గుతుంది.

నివేదిక అంతా పచ్చ గుర్తులే ఉన్నంత మాత్రాన కుక్క ఆరోగ్యానికి హామీ దొరికినట్లు కూడా కాదు. కుక్కలను ఎక్కువగా బాధించే తుంటి కీలు వదులు, చాలా రకాల క్యాన్సర్లు, చర్మపు ఎలర్జీలు, ఎక్కువ శాతం మూర్ఛలు అనేక జన్యువులూ పరిసరాలూ కలిసి తెచ్చేవి. వాటికి ఈ చిప్ జవాబు చెప్పదు. తుంటికి ఎక్స్‌రే తీయించాలి, కళ్లకు కళ్ల పరీక్ష చేయించాలి.

బంధువుల జాబితా సరదాగా ఉంది, అంతకు మించి ఏమీ లేదు. దానికన్నా అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య సంతానోత్పత్తి) శాతం చూపే పట్టీ చాలా విలువైనది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఒకే రకంగా వచ్చిన జన్యుభాగాలు ఎంత ఉన్నాయో అది లెక్కిస్తుంది. సొంత అన్నాచెల్లెళ్లు జతకడితే పుట్టే పిల్లల్లో ఇది సగటున 25 శాతం ఉంటుంది. 227 జాతులను పరిశీలించిన 2021 నాటి అధ్యయనంలో శుద్ధజాతి కుక్కల సగటు దాదాపు అంతే ఉందని తేలింది. ఆ అధ్యయనంలోనే అంతఃప్రజననం ఎక్కువైన జాతులకు వైద్యం అవసరం కూడా ఎక్కువగా ఉన్నట్లు కనిపించింది. చుక్కికి ఈ శాతం చాలా తక్కువ. కుక్కలను జత కలిపి పిల్లలను పుట్టించేవారు కాగితం మీది వంశవృక్షాన్ని నమ్ముకోకుండా ఈ లెక్క చూసుకుంటే మంచిది, ఎందుకంటే వంశవృక్షం నాలుగైదు తరాల వెనక్కి వెళ్లేసరికి చెప్పడం మానేసిన చుట్టరికాలను డీఎన్ఏ చూపిస్తుంది. ఇద్దరూ ఒకే అంతర్గత జబ్బుకు ప్రతులు మోస్తున్న జంటను కలపకుండా ఆపడానికి కూడా ఈ నివేదికే ఆధారం. అయితే ఒక్క ప్రతి మోస్తున్న ప్రతి కుక్కనూ సంతానోత్పత్తి నుంచి తప్పిస్తూ పోతే జాతిలో మిగిలే వైవిధ్యం ఇంకా కుంచించుకుపోతుంది. మోసే కుక్కను మార్పు లేని కుక్కతో కలిపితే పిల్లల్లో జబ్బు రాదు. ఈ సలహా నివేదికలో ఉండవలసింది, లేదు.

సమాచారం మీద హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. నమోదు సమయంలో పరిశోధనకు అనుమతి అడిగే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. నేను అనుమతి ఇచ్చాను, ఇవ్వడం మంచిదని కూడా అనుకుంటున్నాను. కుక్కల జన్యుశాస్త్రం ఇంత దూరం వచ్చింది యజమానుల సహకారంతోనే. కానీ టిక్కు పెట్టవలసింది యజమాని చేత్తో, సంస్థ చేత్తో కాదు. ముడి ఫలితాల ఫైలును ఉచితంగా దింపుకోనివ్వడం ఈ సేవలో మెచ్చుకోదగిన విషయం. రేపు కొత్త జన్యుమార్పు ఏదైనా బయటపడితే, అది చిప్ చూసిన చోట్లలో ఒకటైతే, మళ్లీ నమూనా పంపకుండా ఆ ఫైలులోనే వెతుక్కోవచ్చు.

మొత్తం మీద ఐదుకు మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. మందను కాసే జాతుల పోలిక ఏ కొంచెం ఉన్నా, లేదా తల్లిదండ్రుల వివరం తెలియకపోయినా, మందుల సున్నితత్వం కోసమైనా పరీక్ష చేయించండి. ఖర్చు ఎక్కువనుకుంటే ఏబీసీబీ1 ఒక్కదాన్నే విడిగా చేసే ప్రయోగశాలలు ఉన్నాయి. కుక్కకు ఇప్పటికే ఏదో జబ్బు లక్షణాలు ఉంటే మాత్రం ముందు పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, పరీక్ష కావాలో వద్దో, కావాలంటే ఏ జన్యువుకో వారు చెబుతారు. ఎర్ర గుర్తు వచ్చినవారు కొత్త నమూనాతో వేరే ప్రయోగశాలలో ఆ ఒక్క జన్యువునే మళ్లీ పరీక్షించి నిర్ధారించుకోవాలి. చుక్కి ఎస్ఓడీ1 కోసం మేమూ మరో నమూనా పంపాం.